లీవర్ మెల్లగా వెనక్కి వస్తోందా? ఘాట్ దిగే ముందు ఇది చదవండి

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

సైకిల్‌కి బ్రేకు పట్టడం లేదంటే మనకు భయం. అదే బ్రేకు సరిగా వదలడం లేదంటే, లీవర్ బద్ధకంగా వెనక్కి వస్తోందంటే, వేలితో ముందుకు తోసేసుకుని పోతూనే ఉంటాం. ఈ మధ్య మన పిల్లల దగ్గర డిస్క్ బ్రేకు సైకిళ్లు కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని వైరుతో లాగేవి, కొన్ని ఆయిల్‌తో నడిచేవి. ఆయిల్‌తో నడిచే హైడ్రాలిక్ బ్రేకు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మన రోడ్లలో వదలని బ్రేకు కూడా పట్టని బ్రేకంత ప్రమాదమే.

మా తమ్ముడి సైకిల్ సెకండ్ హ్యాండ్‌ది. కాఫీ పళ్లు కోసిన డబ్బులతో విశాఖలో కొన్నాడు. పాడేరు నుంచి మాడుగుల వైపు ఘాట్ దిగడం, మళ్లీ ఎక్కడం వాడికి అదొక పిచ్చి. చలికాలం పొద్దున్నే ముందు బ్రేకు నొక్కితే బాగానే పట్టేది. వదిలితే మాత్రం లీవర్ ముసలాయన మంచం మీంచి లేచినట్టు లేచేది. ఎండెక్కాక కొంచెం నయం. చలికి రబ్బరు బిగుసుకుంటుంది కదా, చింతపల్లి, లంబసింగి వైపు వాళ్లకు ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఒక షాపులో చూపిస్తే సెట్టు మొత్తం మార్చాలి, మూడు వేలు దాటుతుంది అన్నారు. వాళ్లు మోసం చేశారని నేననను. చాలా లీవర్లకు లోపలి పిస్టన్, సీల్సు విడిగా దొరకవు. విప్పి శుభ్రం చేసి, రేపు ఏమన్నా అయితే మాట పడటం కన్నా కొత్తది బిగించడమే షాపుకి తేలిక. కానీ మన ఇళ్లలో మూడు వేలంటే మూడు వేలే.

అసలు లోపల ఏముందో చెప్తా. ఇంటర్ ఫిజిక్స్‌లో పాస్కల్ నియమం చదివాం కదా, మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని చోట్లకీ అంతే అందుతుందని. లీవర్ లోపల సన్నటి పిస్టన్ ఉంటుంది, చక్రం దగ్గర కాలిపర్‌లో లావు పిస్టన్లు ఉంటాయి. పైది 10 మిల్లీమీటర్లు, కిందది 22 మిల్లీమీటర్లు అనుకోండి, వైశాల్యం దాదాపు అయిదు రెట్లు, బలం కూడా అన్ని రెట్లు. అందుకే రెండు వేళ్లతో బండి ఆగుతుంది. ఇంతవరకు పరీక్షలో రాసిందే.

పరీక్షలో రానిది ఇంకొకటుంది. లీవర్ పిస్టన్ పక్కన, ఆయిల్ తొట్టిలోకి తెరుచుకునే సూదిమొనంత బెజ్జం ఒకటుంది. లీవర్ వదిలేసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆ బెజ్జం తెరుచుకుంటుంది. నొక్కగానే పిస్టన్ దాన్ని దాటి ముందుకెళ్తుంది, దారి మూసుకుంటుంది, అప్పుడే లోపల ఒత్తిడి పుడుతుంది. ఇప్పుడు పిస్టన్ సీలు చుట్టూ మట్టి పట్టి పూర్తిగా వెనక్కి రాలేదనుకోండి. బెజ్జం మూసుకునే ఉంటుంది. ప్యాడ్లు డిస్కుని కొద్దిగా రాసుకుంటూనే ఉంటాయి. మైదానంలో అయితే కొంచెం కాళ్లు నొప్పి, అంతే. ఘాట్‌లో ఆ రాపిడికి వేడి పుడుతుంది, వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పెరిగిన ఆయిల్ తొట్టిలోకి పోవాలంటే దారి లేదు. అది ప్యాడ్లనే ఇంకా గట్టిగా తోస్తుంది. ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. మనం లీవర్ ముట్టుకోకుండానే ముందు చక్రం బిగుసుకుపోవచ్చు. వంపులో, లోయ పక్కన. ఈ బెజ్జం సంగతి తెలిశాక తమ్ముడిని వారం రోజులు ఘాట్ దిగనివ్వలేదు. వాడు అలిగాడు, అలగనీ.

విప్పే ముందు ఆయిల్ సంగతి తేల్చుకోవాలి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. మా దగ్గర బైకులు బాగుచేసే అన్న ఒకరున్నారు. మంచి పనివాడు. "బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒకటే చెల్లీ, నా దగ్గరున్నది పట్టుకెళ్లు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. బైకుల్లో వాడేది డాట్ రకం ఆయిల్ కాబట్టి ఆయన లెక్కలో అది నిజమే. సైకిళ్లలో అలా కాదు. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకులు మినరల్ ఆయిల్ మీద నడుస్తాయి. హేస్, స్రామ్ వాళ్లవి చాలావరకు డాట్ రకం, స్రామ్‌లో కొత్తగా వచ్చిన కొన్ని మాత్రం మినరల్. ఒకదాని రబ్బరు రెండోదానికి పనికిరాదు. మార్చి పోస్తే సీల్సు ఉబ్బిపోతాయి, పాడైపోతాయి. మొదట్లో బాగానే ఉన్నట్టుంటుంది, అదే అసలు ప్రమాదం. ఏ ఆయిలో చాలా లీవర్ల మీద, తొట్టి మూత దగ్గర రాసే ఉంటుంది. అక్షరాలు చెరిగిపోతే మోడల్ నంబర్ పట్టుకుని వెతకండి. రంగు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. వంటనూనె పోశామని చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

మా వాడిది మినరల్ రకం. వంద మిల్లీలీటర్ల సీసా, సిరంజి, సన్నటి పైపు, లీవర్‌కి బిగించే చిన్న గరాటు కలిపి ఆన్‌లైన్‌లో తెప్పించాం. శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. దీనికోసం ఎక్కడెక్కడో తిరగక్కర్లేదు, సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుల్లో బోర్డులు తుడవడానికి ఇదే వాడతారు. పెట్రోలు, కిరోసిన్ రబ్బరు దగ్గరికి తేవద్దు.

ముందు చక్రం తీసేశాం. ప్యాడ్లు తీసి కాగితంలో చుట్టి వేరే గదిలో పెట్టాం. ప్యాడ్ మీద ఒక్క చుక్క ఆయిల్ పడినా అది ఇక పట్టదు. కాలిపర్ పిస్టన్లను ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లోపలికి తోసి, మధ్యలో సరిపడా చెక్కముక్క ఇరికించాం. ఇది మర్చిపోయి లీవర్ నొక్కితే పిస్టన్లు ఊడి బయటికొస్తాయి. కింద నిపుల్‌కి పైపు తగిలించి పాత ఆయిల్ సీసాలోకి వదిలేశాం. టీ డికాక్షన్ రంగులో వచ్చింది.

లీవర్ నుంచి బ్రేకు పైపు మాత్రం విప్పలేదు. విప్పితే ఆలివ్ అనే చిన్న ఇత్తడి ఉంగరం మళ్లీ కొత్తది వేయాలి. ఇటువైపు నుంచే పని అవుతుంది. లీవర్ పిన్ను తీశాం, రబ్బరు తొడుగు లాగాం. లోపల పిస్టన్‌ని పట్టి ఉంచే సర్‌క్లిప్ కనిపించింది. దాన్ని తీసే ప్లయర్ ఆ బైకుల అన్న దగ్గరే అడిగి తెచ్చాం. క్లిప్ తీసేటప్పుడు లోపలి స్ప్రింగ్ అన్నీ ఎగరగొడుతుంది, అందుకని లీవర్‌ని, రెండు చేతుల్ని పెద్ద పారదర్శకం కవర్లో దూర్చి తీశా. తమ్ముడు నవ్వాడు. క్లిప్ నిజంగానే ఎగిరి కవర్లోనే పడింది.

పిస్టన్ బయటికొచ్చాక రోగం తెలిసింది. తొడుగు వెనక వైపు ఎర్రమట్టి, పాత ఆయిల్ కలిసి జిగురులా అంటుకుని ఉంది. సీల్సు మీద కోత లేదు, ఎండిపోయి ఉన్నాయంతే. ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాం. దూది వద్దు, పోగులు లోపల ఉండిపోతాయి. గొట్టం లోపల టార్చి వేసి చూశాం. గీతలుంటే ఆ లీవర్ పని అయిపోయినట్టే, ఇసక కాగితంతో రుద్దితే గీతలు పోవు, ఇంకా పెరుగుతాయి. సీలు అంచు చిరిగినా అంతే. అప్పుడు ఆ షాపు చెప్పిన మాటే సరైనది, కొత్తది కొనాల్సిందే. అక్కడ పొదుపు చేయకండి.

మాది బాగానే ఉంది. సీల్సుకి అదే మినరల్ ఆయిల్ రాసి, అంచు మడత పడకుండా తిప్పుతూ మెల్లగా లోపలికి పంపాం. సర్‌క్లిప్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో సూదితో తడిమి చూశా. లీవర్ బిగించి వేలితో నొక్కి వదిలితే టక్కున వచ్చింది. మా తమ్ముడి ముఖం చూడాలి అప్పుడు.

తర్వాత ఆయిల్ నింపడం. హ్యాండిల్ తిప్పి లీవర్ తొట్టి అన్నిటికన్నా పైన, సమంగా ఉండేలా పెట్టాలి. గరాటు బిగించి, కింద నిపుల్ నుంచి సిరంజితో ఆయిల్ పైకి తోస్తే గాలి బుడగలు గరాటులోకి వస్తాయి. పైపుని వేలితో తడుతూ ఉంటే మొండి బుడగలు కూడా కదులుతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. బుడగ మిగిలితే లీవర్ స్పాంజిలా మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. నిపుల్ మూశాక లీవర్‌ని చిన్న చిన్నగా నొక్కుతూ వదులుతూ మరో పావుగంట కూర్చున్నాం. ఎప్పుడో ఒక బుడగ వస్తూనే ఉంటుంది.

అన్నీ మూసి, చిందిన ఆయిల్ తుడిచి, డిస్కుని ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ప్యాడ్లు ముట్టుకున్నాం. చక్రం పెట్టి లీవర్‌ని గుడ్డపేలికతో హ్యాండిల్‌కి కట్టేసి, లీవర్ చుట్టూ, నిపుల్ చుట్టూ టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్న కాగితం పొడిగా ఉంటే కారడం లేదన్నమాట. పేలిక విప్పి చక్రం తిప్పితే రాసుకోకుండా తిరగాలి, లీవర్ చలిలో కూడా వెంటనే రావాలి. రెండూ అయ్యాయి. తర్వాత స్కూలు గ్రౌండులో ఇరవైసార్లు ఒక మాదిరి స్పీడు నుంచి మెల్లగా బ్రేకు వేయించా. మూడు రోజులు సమతలం మీదే. నాలుగో రోజు ఘాట్, అదీ సగం దాకా. ఆగి డిస్కుకి దూరంగా చెయ్యి పెట్టి వేడి చూడమన్నా, ముట్టుకోవద్దని ముందే చెప్పా.

వెనక లీవర్ ఇంకా విప్పలేదు, వచ్చే సెలవుల్లో చూడాలి. సీసాలో సగానికి పైగా ఆయిల్ మిగిలింది, సిరంజి, పైపు, గరాటు కూడా ఉన్నాయి. పాడేరు చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో చెప్పండి, మీ లీవర్ ఏ ఆయిల్‌దో ఫొటో తీసి పెట్టండి. డాట్ రకం వాళ్లకు నా సీసా ఇవ్వను, అడగొద్దు.