చలికాలంలో వెలిసే చక్రాల వూరు

మీ ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? ఫలానా వూరు, ఫలానా వీధి, వేపచెట్టుకు ఎదురుగా అని చెబుతారు. నిన్న అక్కడే వుంది, రేపూ అక్కడే వుంటుంది. కాని ఈ ప్రశ్నకు, "ఎండాకాలంలోనా, చలికాలంలోనా?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు కూడా వున్నారు. ఎందుచేతనంటే, వాళ్ళ ఇంటికి చక్రాలుంటాయి!

పూర్వం మనవాళ్ళు తిరునాళ్ళకు గూడుబండి కట్టుకుని, బియ్యం, పప్పు, చాపలు, దుప్పట్లు అందులో వేసుకుని బయలుదేరేవారు. ఉత్తర అమెరికాలో ఇలాంటి గూడుబండికి ఇంజను వచ్చింది. దాన్ని అక్కడ "ఆర్.వి." అంటారు. కొన్ని బండ్లు తమ ఇంజనుతో తామే నడుస్తాయి. మరికొన్నిటిని ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోతారు. లోపల పడకగది, వంటిల్లు, స్నానాలగది అన్నీ అమర్చి వుంటాయి.

ఇలాంటి బండ్లు వేలకొద్దీ, చలికాలం రాగానే, ఒక ఎడారి వూరికి చేరుతాయి. ఆ వూరి పేరు యూమా. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు నైరుతి మూల, కొలరాడో నది ఒడ్డున వుంది. అక్కడ ఏడాది మొత్తంమీద మూడు నాలుగు అంగుళాల వాన కూడా పడదు. పగటివేళలో నూటికి సుమారు తొంభై వంతులు ఎండ కాస్తూనే వుంటుంది. జనవరి మధ్యాహ్నం మన వూళ్ళలో లాగే హాయిగా, ఇరవై డిగ్రీల పైన వుంటుంది.

ఈ వూరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు. వీరికి అక్కడ "మంచు పక్షులు" అని ముద్దుపేరు. చలికాలంలో కొల్లేటికీ, పులికాటుకూ దూరదేశాల పక్షులు వచ్చినట్టే వీరూ వస్తారు. వసంతం రాగానే తిరిగి పోతారు.

మీరు కూడా ఒక తాతగారు, మామ్మగారు వెంట వస్తున్నారనుకోండి. వాళ్ళది కెనడాలో రెజీనా నగరం. అక్కడ జనవరి రాత్రులు సున్నకు దిగువ ఇరవై డిగ్రీల దాకా పోతాయి. వాకిట్లో మంచు పారతో ఎత్తి పోసుకుంటేగాని వీధిలోకి రాలేరు. డెబ్భై ఏళ్ళ వయసులో ఆ మంచుమీద కాలు జారిందంటే తుంటి ఎముక విరిగినట్టే. అందుకనే ఈ ప్రయాణం. వాళ్ళకు ఇది విలాసం కాదు.

దారి సుమారు 2,700 కిలోమీటర్లు. బయలుదేరేముందు తాతగారు బండి గొట్టాలలో చుక్క నీరు లేకుండా తీసివేస్తారు. ఎందుకో తెలుసా? నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. గొట్టంలో పెరగటానికి చోటేదీ? గొట్టం పగులుతుంది. అంచేత గొట్టాలలోకి గడ్డకట్టని గులాబిరంగు ద్రవం ఎక్కించి, తాగటానికి సీసాలలో నీళ్ళు పట్టుకుని బయలుదేరుతారు.

ఇదుగో, యూమాలో విడిది వచ్చింది. చిన్న వీధులు, వీధికి రెండువైపులా గీతలు గీసిన స్థలాలు. ఒక్కొక్క స్థలానికి ఒక్కొక్క నంబరు. మీ స్థలంలో ఏముంది? ఒక మెట్టగచ్చు, ఒక నీటి కుళాయి, ఒక కరెంటు పెట్టె, నేలలో మూత పెట్టిన ఒక తూము. అంతే! ఈ నాలుగింటితో సాయంకాలానికల్లా సంసారం నిలబడాలి.

మొదటి పని బండిని వెనక్కు నడిపి స్థలంలో పెట్టటం. పది మీటర్ల బండిని వెనక్కు నడపటం పిల్లలాట కాదు. తాతగారు చక్రం పట్టుకుంటే మామ్మగారు వెనక నిలబడి చేతులు వూపుతారు. మన లారీ క్లీనరు "రైట్, రైట్... హోల్డాన్!" అని కేకవేస్తాడే, సరిగ్గా అలాగే. పక్కస్థలం వాళ్ళు కూడా కుర్చీలు వదిలి వచ్చి తలా ఒక మూల కాపు కాస్తారు.

రెండవ పని బండిని సమంగా నిలపటం. తాతగారు రసమట్టం తీసి గచ్చుమీద పెట్టి చూస్తారు. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పెట్టి చూస్తారే, అదే. గాలిబుడగ ఒక పక్కకు పోయిందంటే పల్లపు చక్రాల కింద దిమ్మలు పెట్టి, చక్రాలు కదలకుండా అడ్డుపెట్టి, జాకీలు దించుతారు.

"ఇంత శ్రమ ఎందుకు తాతగారూ? కొంచెం వాలితే ఏం?" అని మీరడుగుతారు.

"వాలితే రాత్రి మనం మంచం మీంచి దొర్లటమే కాదు, పాలు కూడా విరిగిపోతాయి!" అంటారాయన.

ఇందులో తమాషా వుంది. మన ఇళ్ళలోని ఫ్రిజ్‌లో మోటారు తిరుగుతుంది. కాని చాలా ఆర్.వి.లలో వుండే ఫ్రిజ్‌లో తిరిగేదంటూ ఏమీ లేదు. అది చిన్న గ్యాసు మంటతో కూడా నడుస్తుంది. మంటతో చల్లదనం! ఎలాగంటారా? నీటిలో కరిగిన అమ్మోనియాను ఆ మంట కాగబెడుతుంది. అమ్మోనియా ఆవిరై పైకిపోయి, చల్లబడి, ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం పెట్టెలోని గొట్టాలలో మళ్ళీ ఆవిరయేటప్పుడు పెట్టెలోని వేడిని పీల్చుకుంటుంది. ఒంటిమీద చెమట ఆరేటప్పుడు చల్లగా వుండదూ? అలాగే. తరవాత ఆ ఆవిరి నీటిలో కరిగి కిందికి జారుతుంది. ఈ జారటమంతా వాలుమీదనే ఆధారపడింది. బండి ఒరిగితే ద్రవం మధ్యలో నిలిచిపోతుంది. పెట్టె చల్లబడదు సరికదా, పాడైపోవచ్చు. దీన్ని 1922లో స్వీడనులో ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు, విద్యార్థులుగా వుండగానే కనిపెట్టారు. ఈమధ్య వస్తున్న కొత్త బండ్లలో మోటారు ఫ్రిజ్‌లు కూడా వుంటున్నాయి.

మూడవది కరెంటు. లావుపాటి తీగ తెచ్చి పెట్టెలో గుచ్చుతారు. చాలా బండ్లకు వచ్చేది 120 వోల్టులు, 30 ఆంపియర్లు. గుణించి చూడండి: 3,600 వాట్లు. హీటరుకు 1,500, జుట్టు ఆరబెట్టే యంత్రానికి 1,500, కాఫీనీళ్ళు కాచే కెటిలుకు 1,200 అనుకోండి. మూడూ కలిసి 4,200. మూడూ ఒకేసారి వేశారో, మీట టక్కున పడిపోయి ఇల్లంతా చీకటి! అందుచేత ఈ ఇంట్లో, "కెటిలు వెయ్యనా?" అని ఒకరినొకరు అడిగి మరీ వేస్తారు.

నాలుగవది నీరు. మంచినీటికి వేరే గొట్టం వుంటుంది. తోటకు నీళ్ళుపెట్టే గొట్టం దానికి వాడరు. గులాబిరంగు ద్రవమంతా పోయేదాకా గొట్టాలు కడిగి, తొట్టిని మందునీళ్ళతో శుభ్రంచేసిన తరవాతే తాగటం.

అయిదవది మురుగు. ముక్కు మూసుకోకండి, ఇదీ తెలుసుకోవలసిందే! బండి కింద రెండు తొట్లుంటాయి. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఒకదానిలోకి, మరుగుదొడ్డిది ఇంకొకదానిలోకి పోతాయి. రెండవదాని మూత ఎప్పుడూ తెరిచి వుంచకూడదు. తెరిస్తే నీరంతా ముందు జారిపోయి, తక్కినది లోపలే గట్టిపడుతుంది. నిండేదాకా ఆగి ఒక్కసారి వదిలితే అంతా కొట్టుకుపోతుంది. ఆ వెనక మొదటి తొట్టి వదిలితే సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. ఇక్కడా వాలు కావాలి. నీరు పల్లమెరుగునని మనవాళ్ళు వూరికే అన్నారా?

ఈ సామెతకు యూమాలోనే ఒక గొప్ప సాక్ష్యం వుంది. కొలరాడో నది నీటిని యూమా పొలాలకు తెచ్చే కాలువ నదికి ఆవలి ఒడ్డున, కాలిఫోర్నియా వైపున వుంది. నీరు నదిని దాటి ఇటు రావాలి. ఎలా? నది అడుగున 14 అడుగుల వ్యాసం గల సొరంగం తవ్వారు. కాలువ నీరు ఆవలి ఒడ్డున సొరంగంలోకి దిగి, నది కిందుగా పోయి, ఈవలి ఒడ్డున పైకి వస్తుంది. పంపు అక్కరలేదు; అటుకన్న ఇటు కాస్త పల్లమైతే చాలు. 1912లో మొదలై ఆ నీరు ఈనాటికీ పారుతూనే వుంది.

ఆ నీటి చలవవల్లనే చలికాలంలో అమెరికా తినే ఆకుకూరలలో అధికభాగం యూమా ప్రాంతంలో పండుతుంది. తెల్లవారుజామున మీరు లేచి చూస్తే, కూలీలను ఎక్కించుకున్న బస్సులు పొలాలకు పోతూ కనిపిస్తాయి. వారిలో చాలామంది చీకటితోనే లేచి, మెక్సికో సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు. ఎండాకాలంలో ఆకుకూరల సాగు కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయకు మారితే, అనేకమంది దాని వెంటే వెళతారు. అంటే చలికాలానికి యూమా చేరే పక్షులు రెండు రకాలన్నమాట: విశ్రాంతికి వచ్చేవి, కూటికోసం వచ్చేవి. విడిదిలో మామ్మగారు తరిగే పచ్చని ఆకు ఆ రెండవవారు కోసినదే.

ఒకనాడు తాతగారు మిమ్మల్ని ఉత్తరంగా 130 కిలోమీటర్ల దూరాన వున్న క్వార్ట్‌జ్‌సైట్ అనే వూరికి తీసుకుపోతారు. అక్కడ ఎడారిలో ప్రభుత్వ భూమి వుంది. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 దాకా, రుసుము కట్టి అక్కడ బండ్లు నిలుపుకోవచ్చు. కాని మీ స్థలం దగ్గర కుళాయి వుండదు, కరెంటు పెట్టె వుండదు. నీరు మోసుకోవాలి, కరెంటును బండికప్పు మీది పలకలతో ఎండనుంచి పట్టుకోవాలి. అక్కడ ఒక్క చెంబు నీళ్ళతో గిన్నెలెలా కడగాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ వూరి శ్మశానంలో ఒక సమాధి వుంది. రాళ్ళు పేర్చిన పిరమిడ్, దానిపైన లోహపు ఒంటె! అమెరికాలో ఒంటె ఏమిటి? 1856లో అమెరికా సైన్యం ఎడారి దారుల్లో సామాను మోయించటానికి ఒంటెలను ఓడమీద తెప్పించింది. వాటి వెంట వచ్చిన కాపరులలో హాజీ అలీ ఒకడు. అక్కడి సైనికుల నోళ్ళకు ఆ పేరు తిరగక "హై జాలీ" అన్నారు. ఒంటెల ప్రయత్నం కొద్దికాలానికే ఆగిపోయింది. ఆయన మాత్రం తిరిగి పోలేదు. 1902లో అక్కడే కన్నుమూశాడు. 1935లో ఈ కట్టడం లేచింది. దూరంనుంచి వచ్చి ఈ ఎడారిలో స్థిరపడినవాళ్ళలో ఆయన ఒకడు.

సాయంత్రానికి మీరు విడిదికి తిరిగి వస్తారు. బండ్ల ముందు కుర్చీలు వేసుకుని అందరూ మాట్లాడుకుంటున్నారు. వారిలో కొందరు ఒంటరివాళ్ళు. ఎదుటి బండి కిటికీ తెర పొద్దెక్కినా తొలగకపోతే, పక్కవాళ్ళు వెళ్ళి తలుపు తడతారు. పిల్లలు, మనుమలు వేల కిలోమీటర్ల దూరాన వున్నారు. ఏదైనా అయితే మొదట పరుగెత్తి వచ్చేది పొరుగువారే. ఇలాంటి విడిదులలో చాలావాటిలో 55 ఏళ్ళు దాటినవారికే స్థలం ఇస్తారు. మీవంటి పిల్లలు చుట్టపుచూపుగా వచ్చి కొద్దిరోజులుండవచ్చు. అందుకే మీరు వచ్చారని తెలియగానే వీధి వీధంతా మిమ్మల్ని చూడటానికి వచ్చింది!

ఏప్రిల్ వస్తుంది. ఎండ ముదురుతుంది. నడివేసవిలో యూమాలో రోజూ నలభై డిగ్రీలు దాటుతుంది. కెనడావారికి మరొక చిక్కు కూడా వుంది: మామూలుగా ఆరు నెలలకు మించి వాళ్ళు అమెరికాలో వుండరాదు. గొట్టాలు విప్పుతారు, జాకీలు ఎత్తుతారు, ఒక్కొక్క బండే కదలిపోతుంది. వీధిలో కుళాయిలు, కరెంటు పెట్టెలు, తూము మూతలు మాత్రం మిగులుతాయి.

మళ్ళీ చలికాలం మొదలుకాగానే బండ్లు వస్తాయి. బండి దిగగానే అందరూ మొదట చేసే పని ఒకటే: వీధి అటూ ఇటూ చూస్తారు, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని. ప్రతి ఏడూ ఒకటి రెండు స్థలాలు ఖాళీగా వుంటాయి. "ఈ ఏడు వాళ్ళు రారట," అని ఎవరో మెల్లిగా చెబుతారు. కాసేపు ఎవరూ మాట్లాడరు.

అంతలో ఆ ఖాళీ స్థలానికే ఒక కొత్త బండి వస్తుంది. నడిపే పెద్దాయనకు వెనక్కు పెట్టటం చేతకాదు. ఒకసారి ఎడమకు పోతాడు, ఒకసారి కుడికి పోతాడు. తాతగారు కుర్చీలోంచి లేచి, తలా ఒక మూలకు మనుషులను నిలబెట్టి, "రానీ, రానీ... ఆగు!" అని కేకవేస్తారు. మామ్మగారు అప్పటికే కెటిలు మీద నీళ్ళు పెట్టేశారు.

పిల్లలూ, రేపు ఉదయం మీ ఇంటిచుట్టూ ఒకసారి తిరిగి చూడండి. నీరు ఎక్కడినుంచి లోపలికి వస్తున్నది? కరెంటు తీగ ఎటునుంచి వస్తున్నది? మురుగు ఏ పల్లానికి పోతున్నది? ఈ మూడూ మీ ఇంట్లో గోడల మధ్య దాక్కుని వుంటాయి. అంచేత మనం వాటిని తలుచుకోం. మూడూ కనిపెట్టిన తరవాత నాలుగవదాన్ని కూడా చూడండి. పక్కింటి తలుపు తెరిచి వున్నదా? లోపల వున్న పెద్దవాళ్ళు కులాసాగా వున్నారా? లేకపోతే వెళ్ళి తలుపు తట్టండి.