రేటు దిగితే తప్పేంటి?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి చల్లపల్లి రావాలంటే ప్రైవేట్ బస్సు టికెట్ పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు. పెద్ద హీరో సినిమా వస్తే రేటు పెంచుకోడానికి ప్రత్యేకంగా జీవో. అందుకే మనకి ‘ఫ్లెక్సిబుల్ ప్రైసింగ్’ అంటే పెరగడమే. కానీ ఆ ప్రోగ్రామ్ రాసే మాలాంటివాళ్లకి తెలుసు, రేటు కిందికీ దిగుతుంది.

2025 జూన్, జులై నెలల్లో అమెరికాలో జరిగిన ఫుట్‌బాల్ క్లబ్ వరల్డ్ కప్పే సాక్ష్యం. చెల్సీ, ఫ్లుమినెన్సె సెమీఫైనల్ టికెట్ 473.90 డాలర్ల నుంచి 13.40 డాలర్లకి పడిపోయింది. మ్యాచ్ మొదలయ్యాక ఖాళీ సీటుకి విలువ సున్నా కదా! పొద్దుగూకే వేళ మార్కెట్‌లో తోటకూర కట్టలు అయినకాడికి అమ్మేసినట్టే.

మరి ముందే కొన్న అభిమాని సంగతేంటి? టీమ్ మీద ఇష్టంతో తొందరపడినవాడికే ఎక్కువ బిల్లు. ఇంకోసారి వాడూ చివరి నిమిషం దాకా ఆగుతాడు. ఆర్సెనల్ లాంటి క్లబ్బులు ప్రత్యర్థిని బట్టి మ్యాచ్‌లను కేటగిరీలు చేసి, ఏ రేటో ముందే చెప్పేస్తాయి. ఆ పద్ధతి నయం.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచింది. 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. కారణం టికెట్ రేట్లని అనను. కానీ ఐఎస్ఎల్‌లోకి మళ్లీ మన క్లబ్ వస్తే, చిన్న మ్యాచ్‌లకి స్టూడెంట్ టికెట్ సినిమా కంటే చవగ్గా పెట్టాలి. ముందు కొన్నవాడికే అందరికంటే తక్కువ పడాలి. ఎందుకంటే చల్లపల్లి కుర్రాడు టికెట్ ఒక్కటే కాదు, రానూపోనూ బస్సు ఛార్జీ కూడా కలిపి లెక్కేసుకుంటాడు.