మెదడుకు నెమ్మది

మూర్ఛ వచ్చిన బిడ్డను చూచి "గాలి సోకింది" అనే మాట పల్లెలలో మేము తరచుగా వింటాము. మెదడులోని కణాలను శాంతింపజేసే గాబా అనే పదార్థమున్నది. 1950లో దానిని మెదడులో కనుగొన్నారు. అది కణంమీద రిసెప్టర్ అనే తాళంలో తాళపుచెవివలె అమరుతుంది. ఆ తాళమెక్కడున్నదో చూచుటకు శాస్త్రజ్ఞులు దానికే అంటుకొనే యాంటీబాడీని పలుచని మెదడు ముక్కపై వేసి, రంగుతో గుర్తిస్తారు. మూర్ఛకిచ్చే ఫినోబార్బిటోన్ బిళ్ళ ముఖ్యంగా పనిచేసేది ఆ తాళంమీదనే. కనుక మూర్ఛ దయ్యము కాదు, జబ్బు.

ప్రార్థన కోరి వచ్చిన ఒక తల్లితో మేమిట్లన్నాము: "అమ్మా, ప్రార్థిద్దాము. బిళ్ళలు మాత్రం డాక్టరు చెప్పనిదే ఆపవద్దు. హఠాత్తుగా మానితే మూర్ఛ మరింత తీవ్రంగా రావచ్చు." ఆమె మందుల చీటీని బైబిలులో భద్రపరచుకొన్నది.