ఇంటి వైద్యం – ఇల్లాలి చేయి

దెబ్బ తగలని ఇల్లు ఉండదు. కత్తిపీట, అట్లకాడ, మరిగే నూనె, తడిసిన మెట్టు, తలుపు సందు, పగిలిన గాజు గ్లాసు – ఇవన్నీ మనతో కలిసి కాపురం చేస్తున్నవే. ఆసుపత్రికి పరుగెత్తవలసినంత పెద్దవీ కాక, చూస్తూ ఊరుకోదగినంత చిన్నవీ కాని ఈ ప్రమాదాలకు మన పెద్దలు చేతికందిన వస్తువులతోనే ఒక వైద్యాన్ని ఏర్పరచుకున్నారు. దానికి గ్రంథం లేదు, గురువు లేడు. అత్త నుండి కోడలికి, తల్లి నుండి కూతురికి వంటింట్లోనే సంక్రమించిన విద్య అది. ఆ విద్యలో నిలుపుకోదగినదేది, విడిచిపెట్టదగినదేది అన్న విషయాన్ని గురించీ, అన్నిటికంటె ముఖ్యంగా ఆ విద్య మరచిపోయిన ఒక మనిషిని గురించీ నాలుగు మాటలు చెప్పాలని నా ప్రయత్నం.

కర్నూలులో మా పాత ఇంటి వంటగది గోడకు ఒక గూడు ఉండేది. నానీ దానిని 'తాఖ్' అనేది. పసుపు డబ్బా, కాఫీపొడి పొట్లం, సున్నపు కాయ, కొబ్బరినూనె గిన్నె, అబ్బా వాడి వదిలేసిన సిరాబుడ్డి, అమృతాంజనం సీసా, జిందా తిలిస్మాత్ సీసా – ఇవీ అందులోని ఔషధాలు. తెగితే కాఫీపొడి గాని పసుపు గాని, కాలితే సిరా, తేనెటీగ కుడితే సున్నం, తలనొప్పికి అమృతాంజనం, తక్కిన సమస్త బాధలకూ జిందా తిలిస్మాత్. ఈ చివరి రెండు సీసాలను చూసినప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది. ఒకటి, తరువాతి కాలంలో ఆంధ్రపత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించినది. రెండవది హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ గారు 1920లో హైదరాబాదులో తయారు చేయనారంభించినది. మన ఈ పత్రిక అట్టల నడుమ తెలుగూ ఉర్దూ కలిసి ఉన్నట్లే మా నానీ గూటిలో పంతులుగారూ హకీంగారూ పక్కపక్కన కూర్చుండేవారు.

ఏ మందు వేసినా చివరకు నానీ దుఆ చదివి గాయం మీద ఊదేది. పక్కింటి పెద్దమ్మ అయితే ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. సాయంకాలం మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు మసీదు మెట్ల దగ్గర బిడ్డల నెత్తుకొని నిలబడే తల్లులలో హిందూ స్త్రీలు కూడా ఉండటం మన ఊళ్ళలో అందరూ ఎరిగినదే. ఆ ఊపిరి తగిలితే బిడ్డ ఏడుపు మానుతుందనటంలో నాకు సందేహం లేదు. భయం తగ్గటం కూడా చికిత్సలో ఒక భాగమే. అయితే తెరచుకొని ఉన్న గాయం మీద నోటితో ఊదటం మాత్రం మంచిది కాదు. నోటిలోని క్రిములు గాయంలో చేరుతాయి. దుఆ కాస్త దూరం నుండి చేసినా చేరుతుంది కదా!

పసుపు సంగతి వేరు. 1995లో అమెరికా ప్రభుత్వం, గాయాలు మాన్పటానికి పసుపును వాడే పద్ధతి మీద అక్కడి మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చింది. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసింది. ఇది కొత్త విషయం కాదనీ, తరతరాలుగా మా ఇండ్లలో ఉన్నదేననీ పాత సంస్కృత గ్రంథాలను, 1953 నాటి ఒక వైద్యపత్రికా వ్యాసాన్ని ఆధారంగా చూపింది. 1997లో పేటెంటు రద్దయింది. మన అవ్వల విద్య సముద్రాలు దాటి వ్యాజ్యం గెలిచిందని సంతోషించవలసినదే. కాని ఆ తీర్పు చెప్పినది పసుపు వాడుక పాతదని మాత్రమే. మన వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రమైనదని కాదు. తడి చెంచాలు, పిండి చేతులు పడే ఆ డబ్బాను తెగిన వేలి మీద గుమ్మరించటానికి పేటెంటు కార్యాలయం పూచీపడదు. కాఫీపొడి కూడా అంతే. అది రక్తాన్ని పీల్చి గడ్డకట్టినట్లు కనిపిస్తుంది. తరువాత ఆ పొడిని గాయంలో నుండి కడిగి తీయటం నర్సుకూ, భరించటం రోగికీ ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది.

కాలిన గాయాల విషయంలో మన ఇండ్లలో జరిగే అనాచారం అన్నిటికంటె ఎక్కువ. సిరా, పళ్ళపేస్టు, వెన్న, దోసెపిండి, కోడిగుడ్డు సొన – ఏది చల్లగా తోస్తే అది పూస్తాము. ఇవి పైన చల్లగా ఉన్నట్లనిపించినా లోపలి వేడిని బయటికి పోనీయవు. పొయ్యి దగ్గర నుండి చేయి తీసిన తరువాత కూడా చర్మం లోపలి పొరలలో వేడి నిలిచి ఉండి తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ వేడిని లాగివేయగలది పారే చల్లని నీరు ఒక్కటే. ఎంతసేపు? ఇరవై నిమిషాలు. మంచుగడ్డ పెట్టకూడదు, అది చర్మానికి మరొక హాని చేస్తుంది. వెంటనే వీలు కాకపోయినా మూడు గంటల లోపల మొదలుపెడితే కొంత మేలు ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. ఆ తరువాత శుభ్రమైన, నూగు లేని గుడ్డ వదులుగా కప్పాలి. బొబ్బలను చిదమకూడదు. గాయం రోగి అరచేతి కంటె పెద్దదైనా, ముఖం మీద గాని చేతుల మీద గాని కీళ్ళ మీద గాని బొబ్బలెక్కినా, కాలినది పసిబిడ్డ అయినా ఇంటి వైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి పోవాలి. సిరా పూసి తీసుకుపోతే గాయం ఎంత లోతో డాక్టరుకు కనపడదు. ముందు ఆ నీలిరంగును కడగాలి. ఆ కడుగుడే రెండవ శిక్ష.

కర్నూలు వేసవిలో కుళాయికి ఇరవై నిమిషాల నీరు ఎక్కడిదని ఎవరైనా నవ్వవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బకెట్టులోని నీటిని చెంబుతో ధారగా పోస్తూ, కింద బేసిన్ పెట్టుకొని, ఆ నీటిని మొక్కలకు పోసుకోవచ్చు.

ఈ విషయాలు చదువుతున్నప్పుడు నాకు ఒక సంగతి స్ఫురించింది. మనం ఎప్పుడూ 'ఏమి వేయాలి' అని అడుగుతాము. వైద్యశాస్త్రం మాత్రం 'ఎంతసేపు' అని చెబుతుంది. కత్తి తెగితే నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మధ్యమధ్య ఎత్తి చూడకూడదు. ముక్కు నుండి రక్తం కారితే తల వెనక్కు వంచటం మన అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి జారుతుంది. ముందుకు వంగి కూర్చొని, ముక్కు కింది మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా పట్టుకొని, నోటితో ఊపిరి తీసుకోవాలి. కుక్క కరిస్తే కారం, సున్నం అద్దేవారు ఇప్పటికీ ఉన్నారు. సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయంతో దాచిపెట్టే పిల్లలు నాకు తెలుసు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004–05 ప్రాంతంలోనే ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులే.

కాలాన్ని అసలు వృథా చేయకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. శీతల పానీయాల సీసాలలో కిరోసిన్, ఫినాయిల్, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోసి ఉంచే అలవాటు మన ఇండ్లను ఇంకా వదలలేదు. బిడ్డ పొరపాటున తాగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించాలని చూస్తారు. చేయించరాదు. కిరోసిన్ తిరిగి పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తులలో దిగుతుంది. యాసిడ్ రెండవసారి గొంతును కాలుస్తుంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన 108 ఉన్నది ఇటువంటి ఆపదలకే.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాను. ఒకనాడు డిగ్రీ రెండవ సంవత్సరం ఆడపిల్లలకు వ్యాసరచన తరగతిలో 'మా ఇంట్లో జరిగిన చిన్న ప్రమాదం' అనే విషయం ఇచ్చాను. అందరూ ఉత్సాహంగా రాశారు. తమ్ముడు మేడ మెట్ల మీద నుండి జారటం, అబ్బాజాన్ చేతికి మేకు గుచ్చుకోవటం, చెల్లెలి వేలు తలుపు సందులో పడటం. ప్రతి వ్యాసంలోనూ పరుగెత్తుకొని వచ్చి మందు వేసినది తల్లి. ఆ తల్లికి దెబ్బ తగిలినట్లు ఒక్కరూ రాయలేదు. "మీ అమ్మలకు ఎప్పుడూ ఏమీ కాలేదా?" అని అడిగాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనుక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "అమ్మీకి వారానికోసారి కాలుతూనే ఉంటుంది మేడం. కాని అది దెబ్బ కాదు కదా, వంట" అన్నది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమె చూసినదే చెప్పింది. మా అమ్మీ కుడి ముంజేతి మీద గోధుమరంగు గీతలు నాలుగైదు ఉన్నాయి. చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టేదాన్ని. ఒకటి పెనం అంచుది, ఒకటి కుక్కరు ఆవిరిది, ఒకటి మా చాచా నికాహ్ నాటి బిరియానీ డేగిసాది. మాకు మోకాలు గీరుకుంటే ఇల్లంతా లేచేది. ఆమెకు కాలినప్పుడు ఆమె ఒక్క క్షణం 'స్' అని, చేతిని చీరకొంగుకు తుడుచుకొని, మాడకుండా రొట్టెను తిప్పేది. సిరా కూడా పూసుకోలేదు. గూటిలోని మందులన్నీ ఆమె చేతితో మాకు వేసినవే గాని ఆమెకు ఎవరూ వేసినవి కావు.

రంజాన్ మాసంలో ఇఫ్తారుకు ముందు అరగంట మన వంటిండ్లలోకి తొంగి చూడండి. తెల్లవారుజాము నుండి గొంతు తడపని మనిషి, సలసల కాగే నూనె ముందు నిలబడి, అజాన్ లోపల సమోసాలు, పకోడీలు దింపాలనే తొందరలో ఉంటుంది. ఆ వేళ చేయి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద నిలబడు అని శాస్త్రం చెబుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఆమెకు ఎవరు ఇస్తారు? నీరు ఉచితమే. కాలం మాత్రం ఇంట్లో మరొకరు అట్లకాడ పట్టుకుంటే తప్ప దొరకదు. సంక్రాంతికి అరిసెలు వండే ఇల్లాలి పరిస్థితి కూడా ఇంతకంటె భిన్నమని నేననుకోను. గాజుల చిక్కు మరొకటి. ముంజేయి కాలితే వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసివేయాలి. ముత్తైదువ చేతి గాజులు తీయకూడదని పెద్దలు అడ్డుపడతారు. వాచిన చేతికి గాజు బిగుసుకొని చివరకు కత్తిరించవలసి వస్తుంది. అంతకంటె ముందుగా తీసి, మానిన తరువాత మళ్ళీ తొడుక్కోవటం నయం కాదా?

ఇంకొక మాట. ఈ తల్లులలో యాభై దాటినవారు చాలామందికి షుగరు ఉన్నది. షుగరు ముదిరితే కాలి స్పర్శ తగ్గుతుంది. నిప్పు కణిక తొక్కినా తెలియదు, తెలిసినా త్వరగా మానదు. వారికి తగిలిన ఏ దెబ్బనూ చిన్నదని అనరాదు.

ఈనాడు ప్రతి కిరాణా దుకాణంలోనూ దొరికే అంటుడు పట్టీ ఎలా పుట్టిందో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో దూది కొనుగోలు చేసే ఉద్యోగి ఎర్ల్ డిక్సన్. ఆయన భార్య జోసెఫిన్‌కు వంట చేసేటప్పుడు తరచు వేళ్ళు తెగేవి, కాలేవి. ఒంటిచేత్తో కట్టు కట్టుకోవటం ఆమెకు కష్టంగా ఉండేది. 1920లో ఆయన జిగురు పట్టీ మీద దూది గుడ్డ ముక్కలు వరుసగా అతికించి, ఆమె తనకు తానే కత్తిరించి అంటించుకొనేటట్లు చేసి ఇచ్చాడు. మరుసటి సంవత్సరమే కంపెనీ దానిని బజారులోకి తెచ్చింది. జిందా తిలిస్మాత్ పుట్టిన సంవత్సరమే అది కూడా పుట్టటం కాకతాళీయం. భార్య వేళ్ళను ఒక భర్త గమనించి చూడటం వలన అది పుట్టింది.

తరగతిలో నీటి సంగతి, ఇరవై నిమిషాల సంగతి నల్లబల్ల మీద రాసి వివరించాను. పరీక్షకు రాదని తెలిసినా పిల్లలు రాసుకున్నారు. ఆ వెనుక బెంచీ అమ్మాయి రెండు వారాల తరువాత స్టాఫ్ రూముకు వచ్చింది. ముందు రోజు రాత్రి వాళ్ళ అమ్మీకి పాలగిన్నె ఆవిరి తగిలి ముంజేయి ఎర్రబడిందట. ఈమె పొయ్యి ఆర్పి, తల్లి గాజులు తీసి, చేయి పట్టుకొని కుళాయి దగ్గరకు లాక్కుపోయి సెల్‌ఫోనులో అలారం పెట్టిందట. "మొదటి ఐదు నిమిషాలు నన్ను తిట్టింది మేడం. పాలు విరిగిపోతాయన్నది. తరువాత నవ్వింది. తరువాత వాళ్ళ ఊరి బావి గురించి చెప్పటం మొదలుపెట్టింది. అలారం మోగినా ఆపలేదు."

పాలు ఏమయ్యాయని అడిగాను. వాళ్ళ అబ్బా కాచాడని చెప్పింది.