నీడలో రంగులు

మా రాజమండ్రి ఇంటికి తూర్పున అయిదంతస్తుల అపార్టుమెంటు లేచిన ఏడాదే మా ఇంటిముందు గులాబీలు పూయడం మానేశాయి. పొద్దుటి ఎండంతా వాళ్ళకి, నీడంతా మాకూ!

అవి అత్తయ్యగారి గులాబీలు. మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆవిడ ప్రపంచం వరండాలో పడక్కుర్చీ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణించి కనిపించేది ఆ మూల ఒక్కటే.

"ఈ చీకటి కొంపలో ఏం చూస్తూ కూర్చోనే? నన్ను చిన్నాడి దగ్గరికి పంపించెయ్యండి" అన్నారొకరోజు. నా గుండెల్లో రాయి పడింది. మేమిద్దరం వాదించుకోని రోజు లేదుగాని, ఆవిడ లేని ఇల్లు నేనూహించుకోలేను.

ఆ ఆదివారమే కడియం వెళ్ళి, రంగులు చూసి మురిసిపోయి ఆరు క్రోటన్లు తెచ్చాను. కొన్నాళ్ళకి కొత్తగా వేసిన ఆకులన్నీ ఉత్త పచ్చగా వచ్చాయి. క్రోటన్‌కి రంగు తేలాలంటే మంచి వెలుతురుండాలిట! "డబ్బు పోసి గడ్డి కొన్నావన్నమాట" అన్నారు మావారు.

రెండోసారి వెళ్ళినప్పుడు నర్సరీ పెద్దాయన "మధ్యాహ్నంపూట ఆ మూల దీపం లేకుండా పేపరు చదవొచ్చామ్మా?" అనడిగాడు. చదవొచ్చన్నాను. "అయితే పువ్వుల మీద ఆశ తగ్గించుకుని, రంగు ఆకుల్లో వెతుక్కోండి" అన్నాడు.

పసుపు అంచున్న మెరూన్ కోలియస్, ఎర్ర ఈనెల అగ్లోనిమా, తెల్లటాకుల మీద పచ్చ ఈనెలున్న కెలేడియం తెచ్చాను. మునిమాపు వేళ ఆ తెలుపే ముందు కనిపిస్తుంది. పువ్వు లేకపోతే మనసొప్పక, కాస్త వెలుతురు తగిలే గట్టు పక్కన రెండు కనకాంబరాలు నాటాను. అవి కొద్దిపాటి నీడని ఓర్చుకుంటాయి. నీడన మట్టి తొందరగా ఆరదు కనుక వేలు గుచ్చి చూశాకే నీళ్ళు. కోలియస్ పూత తుంచేస్తే గుబురుగా పెరుగుతుంది. పసిపిల్లలున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త, కెలేడియం, అగ్లోనిమా ఆకులు కొరికితే నోరు మండిపోతుంది.

చలికాలం వచ్చేసరికి కెలేడియం ఆకులు ఒక్కొక్కటే వాలిపోయాయి. చచ్చిందనుకుని కుండీ ఎత్తాను, పారబోద్దామని.

"ఆగవే! చేమాకు చూళ్ళేదూ? ఇదీ ఆ జాతే. ఆకు పోయినా గడ్డ బతికే ఉంటుంది. నీళ్ళు తగ్గించి ఓ పక్కన పెట్టు, ఎండలు ముదిరాక అదే లేస్తుంది" అని కేకేశారు అత్తయ్యగారు.

సంక్రాంతికొచ్చిన మా మరిది, "అమ్మా, బట్టలు సర్దుకో, వెళ్దాం" అన్నాడు.

ఆవిడ ఖాళీ కుండీ వంక చూశారు. "దాని మొలక చూడకుండా ఎలా వస్తానురా? వేసవి రానీ."

వేసవి వచ్చింది. సన్నగా చుట్టుకున్న ఆకొకటి మట్టిలోంచి తల ఎత్తింది. మొదట చూసింది ఆవిడే. పడక్కుర్చీలోంచి పిలిచిన పిలుపుకి వంటింట్లో పాలు పొంగబెట్టి మరీ పరిగెత్తాను.

ఇప్పుడు మళ్ళీ చలికాలం. కెలేడియం ఆకులు వాలుతున్నాయి. నాకు మాత్రం ఏ బెంగా లేదు.