నువ్వుల నూనె దగ్గర మోగిన బజర్

డాలస్ శివార్లలో ఓ హైస్కూలు. శనివారం పొద్దున్నే కెఫెటేరియా నిండా పిల్లలు, కోచ్‌లు, కాఫీ గ్లాసులతో అమ్మానాన్నలు. టెక్సస్ రాష్ట్ర క్విజ్‌బౌల్ ఛాంపియన్‌షిప్ అది. వేదిక లేదు, మైకు లేదు, స్పాన్సర్ల బ్యానర్లు అసలే లేవు. పోటీలన్నీ మామూలు తరగతి గదుల్లో తలుపులేసుకుని జరుగుతాయి. చూడాలనుకున్నవాళ్లు ఆట మొదలవకముందే వెళ్లి, వెనక కుర్చీల్లో నోరు మెదపకుండా కూర్చోవాలి. స్పెల్లింగ్ బీకి అలవాటుపడ్డ మనవాళ్లకు ఇది చప్పగానే అనిపిస్తుంది. 2024లో బృహత్ సోమ గెలిస్తే నల్లగొండ దాకా సంబరమే. ఇక్కడ గెలిచినవాళ్ల పేర్లు పక్కవీధికి కూడా తెలియవు.

నన్ను తీసుకెళ్లింది మా ఊరి అమ్మాయే. ఆమె కూతురు ఓ జట్టులో ఆడుతోంది.

గదిలో ఎదురెదురుగా రెండు బల్లలు, బల్లకు నలుగురు. ఒక్కొక్కరి చేతిలో ఓ బజర్, తీగలన్నీ మధ్యలోని పెట్టెకు. ముందు నొక్కినవాళ్ల దీపం వెలుగుతుంది, మిగతావి మూగబోతాయి. చదివేది ఓ కాలేజీ కుర్రాడు, నిన్నమొన్నటి దాకా ఈ ఆట ఆడినవాడే. ఆ వేగం చూస్తే ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నాడో అర్థం కాలేదు.

ఒక్కో ఆటకు 20 టాస్‌అప్‌లు, అంటే ముందు నొక్కినవాళ్లు జవాబు చెప్పే ప్రశ్నలు. టాస్‌అప్‌కు ఎవరికి వారే, పక్కవాళ్లతో మాట్లాడకూడదు. సరిగ్గా చెబితే 10, మరీ తొందరగా పట్టేస్తే 15. గెలిచిన జట్టుకు మూడు భాగాల బోనస్, అక్కడ మాత్రం గుసగుసలాడుకోవచ్చు. ప్రశ్న సగంలో నొక్కి తప్పు చెబితే 5 కోత.

ఆ కోతలోనే ఉంది మజా అంతా. ఎందుకంటే ప్రశ్న కష్టమైన ఆనవాలుతో మొదలై, అందరికీ తెలిసినదానితో ముగుస్తుంది. ఆ ప్రశ్నల సెట్ వాడకం అయిపోయింది కాబట్టి ఒకటి చెబుతాను. 'ఈ సామ్రాజ్యపు రాజు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా పట్టించుకుని, కత్తి సాము చేసేవాడని ఒక విదేశీ యాత్రికుడు...' అంటుండగానే బజర్ మోగింది. ఆమె కూతురి జట్టులోనే ఆడే ఎర్రజుట్టు కుర్రాడు. 'విజయనగర'. 15 పాయింట్లు. 1520లో రాయచూరు విజయం, ఆముక్తమాల్యద, 1565 నాటి తళ్లికోట, హంపి శిథిలాలు, అన్నీ కాగితంలోనే ఉండిపోయాయి.

"ఆముక్తమాల్యద దాకా ఆగుంటే మా పిల్ల నొక్కేదన్నయ్యా!" అని బయటికొచ్చాక మా ఊరి అమ్మాయి వాపోయింది. కూతురు నవ్వేసింది. "హిస్టరీ నాది కాదమ్మా." జట్టులో పంపకాలుంటాయి: ఒకరికి చరిత్ర, ఒకరికి భౌతిక, రసాయన శాస్త్రాలు, ఒకరికి సాహిత్యం. ఈ పిల్ల వాటా చిత్రకళ, పాశ్చాత్య సంగీతం. తర్వాతి ఆటలో డెబ్యుసీ 'లా మేర్'ని, దాని ముఖచిత్రంగా వేసిన హొకుసాయ్ కెరటం దగ్గరే పట్టేసింది. మన రాయల్ని ఎర్రజుట్టుకు వదిలేసి ఫ్రెంచి సముద్రం పుచ్చుకుందన్నమాట.

భోజనాల వేళ పిజ్జా పెట్టెల మధ్య ఆ కుర్రాణ్ని పట్టుకున్నాను. ప్రశ్నలోని ఆ విదేశీ యాత్రికుడు డొమింగో పేస్ రాతలు చదివావా అంటే లేదన్నాడు. ఫోన్లో కార్డులున్నాయట: ఒకవైపు ఆనవాలు, రెండోవైపు జవాబు. బట్టీ కదా ఇది అని మనసులో అనుకున్నాను. ఈలోగా, హంపిలో తులాభారం దగ్గర నిలబడ్డానని నోరు జారాను. అదేమిటి, ఎవరిని తూచేవారు, దేంతో అని ప్రశ్నల మీద ప్రశ్నలు. చల్లారిపోతున్న పిజ్జా ముక్క పక్కనపెట్టి కొత్త కార్డు రాసుకున్నాడు. బట్టీ వేసేవాడికి అంత ఆరా ఉండదు.

మనకూ క్విజ్‌లు కొత్త కాదు, హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ 1972 నుంచీ నడుస్తోంది. మన క్విజ్‌లలో ప్రశ్న పూర్తిగా వినిపిస్తారు, తీరిగ్గా తర్కించి తేల్చుకోవచ్చు, తెలియకపోతే పక్క జట్టుకు వెళుతుంది. ఇక్కడ తర్కానికి వ్యవధి లేదు. సగం తెలిసినప్పుడు తెగించాలా, ఆగాలా అన్నదే ఆట. మన పద్ధతిలో నవ్వులెక్కువ, ఈ పద్ధతిలో గుండె దడెక్కువ. నా ఓటు మనదానికే గానీ, పదహారేళ్ల పిల్లలకు ఇది మంచి సాధన. అమెరికాలో దీని మూలం 1953లో రేడియోలో మొదలైన 'కాలేజ్ బౌల్'. ఇప్పుడు హైస్కూళ్లకు ప్రశ్నలు రాసిచ్చే ముఖ్య సంస్థ ఎన్‌ఏక్యూటీ పుట్టింది 1996లో. 'జెపర్డీ' టీవీ క్విజ్‌లో వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్ దానికి ప్రశ్నలు రాసినవాడే.

సాయంత్రానికి మనవాళ్ల జట్టు ఫైనల్‌కొచ్చింది. అవతలి జట్టుకు అంతకుముందే ఒక ఆట ఆధిక్యం ఉంది, అంటే వీళ్లు రెండుసార్లు గెలవాలి. మొదటిది గెలిచారు. రెండోది చివరి టాస్‌అప్ దాకా లాగి, ఎర్రజుట్టు కుర్రాడి తొందరతో పోగొట్టుకున్నారు. అయినా నష్టమేం లేదు. ఎన్‌ఏక్యూటీ ప్రశ్నలతో జరిగే టోర్నమెంట్లలో మొదటి 15 శాతం జట్లకు జాతీయ పోటీకి అర్హత వస్తుంది. మా ఊరి అమ్మాయి అప్పుడే ఫోన్లో విమానం టికెట్ల ధరలు చూస్తోంది.

ప్రశ్నల ప్యాకెట్లో చదవకుండా మిగిలిన అదనపు ప్రశ్న ఏమిటో చెప్పమని ఎర్రజుట్టు కుర్రాడు చదివినతని వెంటపడ్డాడు. కుదరదన్నాడతను. వేరే రాష్ట్రంలో ఇదే సెట్ ఇంకా ఆడాల్సి ఉందట, అప్పటిదాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు. వాట్సాప్‌లో ప్రశ్నపత్రాలు తిరగడం చూసిన ప్రాణం కదా, ఆ పట్టుదల ముచ్చటేసింది. కుర్రాడు మాత్రం వదల్లేదు. బజర్ తీగలు చుట్టడంలో సాయం చేస్తూ, కనీసం అది సైన్సా హిస్టరీయా చెప్పమని బతిమాలుతూనే ఉన్నాడు.