నీరు పల్లమెరుగు

అల్లుడుగారు భోగి ముందు రోజు దిగారు. కిందటి పండక్కి వచ్చినప్పుడు మేడమీద షవరు విప్పి, "ధార రావడం లేదు మావయ్యగారూ, చినుకులు పడుతున్నాయి" అన్నారు. గోదావరి జిల్లా మామగారికి అంతకన్నా పెద్ద తాఖీదు ఏముంటుంది? ఈ ఏడాది ఆయన వచ్చేసరికి ప్రెజర్ పంపు బిగించి సిద్ధంగా ఉన్నాను. తెల్లారి భోగి మంట దగ్గర్నుంచి లేచి స్నానానికి వెళ్లిన మనిషి నిమిషం తిరక్కుండా తువ్వాలు కప్పుకుని వణుకుతూ బయటికొచ్చారు. ధార బ్రహ్మాండంగా ఉందట. కాకపోతే చన్నీళ్ల ధార.

నేనూ వెళ్లి చూశాను. వేడి కుళాయి ఒక్కటే విప్పితే నీళ్లు సన్నగా, పొగలు కక్కుతూ వస్తున్నాయి. చల్లది గోరంత తిప్పామా, నెత్తిన పడేవి అచ్చం బావి నీళ్లే. షవరు కట్టేసి, అదే మిక్సరు కింద బకెట్ పెట్టి పడితే మాత్రం హాయిగా గోరువెచ్చగా ఉన్నాయి. ఈ మూడో సంగతే అందర్నీ పక్కదారి పట్టించింది.

మొదట వచ్చినాయన థర్మోస్టాట్ మార్చాడు. బకెట్ పట్టి, వేలు ముంచి, "బాగానే ఉన్నాయి కదండీ" అని డబ్బులు తీసుకుని వెళ్లాడు. రెండో ఆయన కాయిల్ ఊడదీసి, దానికి పట్టిన సున్నం పెచ్చులు రాల్చి, చూపించి మరీ వెళ్లాడు. షవరు తల తీసి నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టిన ఘనత మా ఆవిడది. నేను మాత్రం ఊరుకున్నానా? ముప్ఫయ్యేళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. వోల్టేజీ 230 నుంచి 190కి పడితే 2000 వాట్ల కాయిల్ 1400 వాట్లు కూడా ఇవ్వదని, ఎందుకంటే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుందని అల్లుడుగారికి విశదంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత మీటరు పెట్టి చూస్తే 225 ఉంది.

కనుమ వెళ్లిన మర్నాడు మా వీధి చివరి ప్లంబరు కుర్రాడు వచ్చాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివి ఆపేసినవాడు. గీజరు విప్పలేదు. షవరు విప్పి వదిలేసి, గొట్టాల మీద ఒక్కొక్కచోటా అరచెయ్యి ఆనించి చూసుకుంటూ పోయాడు, నాడి చూసినట్టు. "మేష్టారూ, ఇక్కడ చెయ్యెట్టండి" అన్నాడు. ట్యాంకు నుంచి గీజరులోకి దిగే గొట్టం అది. చల్లగా ఉండాల్సింది వెచ్చగా ఉంది.

"మీ వేణ్ణీళ్లు ట్యాంకులోకి ఎక్కిపోతన్నాయండి."

నల్లజర్లలో ఉండి ఈ మాట నాకు తట్టకపోవడమే సిగ్గు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువల్లో తనంతట తానే పల్లానికి నడిచి వెళ్లింది, డెల్టా పండింది. మేం మెట్టమీద ఉన్నాం. మాకు బోర్లు, మోటార్లు. తాడిపూడి దగ్గర ఎత్తిపోస్తే గానీ నది మా మెట్ట వైపు చూడదు. పల్లానికి పారే నీటికీ, తోస్తే కదిలే నీటికీ తేడా మాకు పుట్టుకతో తెలియాలి. నా బాత్రూంలో ఆ రెండు నీళ్లనీ ఒకే మిక్సరులో కలిపి కూర్చున్నాను.

పంపును చల్లటి లైనుకు ఒక్కదానికే పెట్టించాను. గీజరు వైపు పెడితే పగిలిపోద్దని బిగించినాయన భయపెట్టాడు. గీజరు మీద రేకుముక్కపై 8 బార్ల దాకా తట్టుకుంటుందని అచ్చు వేసే ఉంది. నేను చదవలేదు. పది మీటర్ల నీటి మట్టానికి ఒక బారు ఒత్తిడి. మా ట్యాంకు షవరుకు రెండున్నర మీటర్ల పైన ఉంది కాబట్టి వేడి లైనుకు పావు బారు. పంపు తోసే చల్లటి లైనుకు ఒకటిన్నర, అంటే ఆరింతలు. బకెట్ కుళాయి నోరు వెడల్పు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి, పోట్లాట ఉండదు. షవరు తలకున్నవి సూది బెజ్జాలు. నీళ్లు అక్కడ ఆగి, మిక్సరులో ఒత్తిడి పెరిగి, ఇంకో దారి వెతుక్కుంటాయి. నీరు పల్లమెరుగు అంటారు. గొట్టంలో నీటికి ఒత్తిడి తక్కువున్న చోటే పల్లం. ఆ పల్లం నా గీజరయ్యింది. వేణ్ణీళ్లకు తోడుగా పిలిచిన చన్నీళ్లు వాటినే వెనక్కి తరుముతూ మేడెక్కించాయి.

"గీజరు నోటికాడ వాల్వుండాలి కదండీ, వెనక్కి రానివ్వకుండా. ఎవరు తీసేశారండీ?"

నేనే తీయించాను, రెండేళ్ల కిందట, చుక్కలు కారుతోందని. కారడమే దాని ఉద్యోగం. 25 లీటర్ల నీళ్లు గది వేడి నుంచి 60 డిగ్రీలకు కాగితే గ్లాసున్నర దాకా ఉబ్బుతాయి. లోపల ఒత్తిడి పెరిగితే ఆ ఉబ్బును బయటికి వదిలేది ఆ వాల్వే. వెనక్కి పోయే దారి మూసి, దాన్నీ పీకేస్తే గీజరు బాంబే. కుర్రాడు తాడేపల్లిగూడెం వెళ్లి కొత్తది తెచ్చి బిగించాడు. పంపును ట్యాంకు కిందికి, లైను రెండుగా చీలకముందు చోటికి మార్చాడు. ఇప్పుడు రెండు నీళ్లకీ ఒకే బలం.

కైకలూరులో ఉన్న మా చెల్లెలికి ఫోన్లో ఈ విజయగాథ వినిపిస్తే, "మాకు బోరేస్తే ఉప్పునీళ్లు పడతాయి. స్నానానికి మంచినీళ్లుండి కూడా ఇంత గొడవేంటన్నయ్యా" అంది.

అల్లుడుగారు శివరాత్రికి మళ్లీ వచ్చారు. షవరు విప్పారు. వేడిగా, ధారగా, నాలుగు నిమిషాలు. అయిదో నిమిషంలో మళ్లీ కేక. ఈసారి జబ్బు కాదు, లెక్క. గీజరులో ఉన్న 25 లీటర్లకు చల్లవి కలుపుకుంటే ఒంటికి పట్టే నీళ్లు యాభై అయిదు లీటర్లవుతాయి. పంపు నిమిషానికి పన్నెండు లీటర్లు పోస్తుంది. పూర్వం మా అమ్మ డేగిసాలో కాచిన ఆ మాత్రం నీళ్లతో, బకెట్లో కలిపి చెంబుతో పోసుకుంటే, ముగ్గురం స్నానాలు చేసేవాళ్లం. ఈ మాట అల్లుడుగారితో అనలేదు. యాభై లీటర్ల గీజరు ఎంతవుతుందో కనుక్కోమని కుర్రాడికి చెప్పాను.

"మీ ఇంట్లో ఏం పెట్టావురా?" అని అడిగాను.

"మాకెందుకండీ? తెల్లారగట్టే మోటారేత్తాను కదండీ పామాయిల్ తోటలో. బోరు కిందే కూర్చుంటాను."

"ధనుర్మాసంలో కూడానా?"

"అప్పుడే బాగుంటాదండి. మంచు పడతా ఉంటే బోరు నీళ్లు పొగలొత్తాయి."